అడగని దారి

కొండవాలు ఇల్లు,
సోమవారం.

అన్నయ్యకి,

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకునేవు. ఎవరూ పోలేదు. ఫోను చెయ్యచ్చుగా అంటావేమో. ఫోనులో నువ్వు హలో అన్న మరుక్షణం ప్రసంగం మొదలుపెడతావు, నాకు ఆమెన్ అనడానికి తప్ప సందు దొరకదు. ఉత్తరంలో అయితే నా మాట నేను పూర్తి చేసుకోగలను.

మీ బావకి ఆరోగ్యం బాగాలేదు. మోకాళ్ళు పోయాయి. ఇంట్లోనే ఉంచుకుని నేనే చూసుకుంటున్నాను. పోయిన వారం ఆరోగ్య శాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. గేటు బయట కారు ఆపి లోపలికి నడిచి వచ్చేసరికి ఆవిడ చేతి మీద రెండు గీతలు, జుట్టులో కంప.

"ఏమ్మా, ఇది ఇల్లా, అడవా? రేపు మీ ఆయనకి ఏదన్నా అయితే అంబులెన్స్ ఎందాకా వస్తుంది?"

"గేటు దాకా వస్తుందండీ. అక్కడిదాకా మోసుకెళ్ళచ్చు."

"ఎవరు మోస్తారు? మీరా?"

నెలాఖరుకి మళ్ళీ వస్తానంది. అప్పటికి గుమ్మం దాకా బండి రాగలిగితే సరే, లేదంటే ఆయన్ని ఇంట్లో ఉంచడానికి సంతకం పెట్టదట. సంరక్షణ గృహానికి పంపేస్తారట. ఒక్కో గదిలో ఆరుగురు, ఒక్కో మంచానికి ఒక అంకె. నేను చూసి వచ్చాను. చూసి వచ్చాకే నీకు రాస్తున్నాను.

గేటు నుంచి గుమ్మానికి రెండు వందల అడుగులు. ఒకప్పుడు ఆ దారిలో కంప ఆయనే కోసేవాడు. తర్వాత నేను కొన్నాళ్ళు కోశాను, తర్వాత వదిలేశాను. ఇక్కడ ఇద్దరు పనివాళ్ళని పిలిచాను. ఒకడు వచ్చి చూసి నవ్వి పోయాడు. రెండోవాడు నవ్వడానికి కూడా రాలేదు. నీ పని అదే కదా అన్నయ్యా, మూసుకుపోయిన దారులు తెరవడం.

మీ ఇద్దరి మధ్యా జరిగింది నేను మర్చిపోలేదు. దాన్ని పక్కన పెట్టి రమ్మనడం లేదు. కావాలంటే మోసుకునే రా. కానీ రా. నాకు కావాల్సింది ఒక్కటే, ఆయన ఈ ఇంట్లో ఉండాలి.

నీ చెల్లి.


రంపపు మిల్లు వెనక గది,
శుక్రవారం.

చెల్లికి,

తట్టినవాడికి తలుపు తియ్యమని ఉంది గనక తీస్తున్నాను. తట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టిందని మాత్రం అనకుండా ఉండలేను.

జరిగింది మర్చిపోలేదన్నావు. నేనూ మర్చిపోలేదు. మన సంఘం గదిలో, ఎనభై మంది కూర్చుని ఉండగా, నేను నోరు తెరిచి వాక్యం చెబుతుండగా, నీ సర్వేయరు మొగుడు చెయ్యెత్తి లేచాడు. "బావగారూ, మీ పరలోకానికి సర్వే నంబరెంత? హద్దురాళ్ళు ఎవరు పాతారు?" అన్నాడు. జనం నవ్వారు. నా జనం! నేను ఒక్కొక్కళ్ళ ఇంటికి కాళ్ళరిగేలా తిరిగి పోగు చేసుకున్న జనం! నేనేమన్నాను? మేడ మీద పచార్లు చేస్తూ, ఈ పట్టణమంతా నా చేతి చలవే అని విర్రవీగిన రాజు సంగతి చెప్పాను. బుద్ధి చెడి, మనుషుల్లోంచి తరిమివేయబడి, పశువుల పక్కన నిలబడి గడ్డి మేశాడే, ఆ గతే నీకూ పడుతుంది అన్నాను. అన్నాను. వెనక్కి తీసుకోను. అది నా నోట్లో పుట్టిన మాట కాదు.

నువ్వు ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిచావు. సరే. భార్యవి.

ఇప్పుడు మోకాళ్ళు అంటున్నావు. ఎవరి ముందూ వంచనివాడికి మోకాళ్ళే పోయాయంటే నేనేమీ అనను. చూశావా, అనకుండా ఉండడం నేర్చుకుంటున్నాను.

వస్తాను. నేలకి ముళ్ళు మొదట్లో లేవు. మొదటి మనిషి తప్పు చేశాకే మొలిచాయి. నేను కత్తి ఎత్తిన ప్రతిసారీ ఆ మొదటి శాపం మెడ మీదే వేటు వేస్తున్నాననుకుంటాను. కాబట్టి నాకిది ఒట్టి కూలిపని కాదు. నా పద్ధతి కూడా విను. అడిగిన దారి అడిగినట్టు తెరుస్తాను. ఆ పైన అడగని దారి ఇంకొకటి ఊరికే తెరిచి వస్తాను. మైలు దూరం రమ్మన్నవాడితో రెండు మైళ్ళు నడవమని కదా ఆజ్ఞ. పదహారేళ్ళలో ఒక్క ఇంట్లోనూ ఈ నియమం తప్పలేదు. పోయిన నెల ఒక ముసలావిడ గేటు దారి మాత్రమే కొట్టమంది. నేను పెరట్లోకి కూడా వెళ్ళి కొడితే తుప్పల కింద సిమెంటు బల్ల బయటపడింది. వాళ్ళాయన కట్టిందట. ఆ బల్ల మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. నాకు అంతకంటే జీతం ఏం కావాలి?

ఇవి రాయి. దారి కింద కంకర ఉందా, ఒట్టి మట్టేనా? నీటి గొట్టం ఎక్కడైనా అడ్డంగా పోతోందా? చెట్ల కొమ్మలు ఎంత కిందికి వాలాయి?

నీ అన్నయ్య.


కొండవాలు ఇల్లు,
బుధవారం.

అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పొయ్యిలో వేద్దామనుకున్నాను. రెండోసారి నువ్వు "వస్తాను" అన్న చోటు మాత్రం చదివాను.

కంకర ఉంది, పైన జానెడు మట్టి పేరుకుంది. గొట్టం గేటుకి ఎడమ పక్క. కొమ్మలు నా తలకి తగులుతాయి.

వచ్చే సోమవారం నుంచి గురువారం సాయంత్రం దాకా మేం ఇంట్లో ఉండం. ఆయనకి పరీక్షలున్నాయి, పెద్దాసుపత్రిలో ఉంటాం. ఆ రోజుల్లోనే వచ్చి పని చేసి వెళ్ళు. తాళం రోడ్డు మలుపులో టీ కొట్టావిడ దగ్గర పెడతాను. మీరిద్దరూ ఎదురుపడటం నాకు ఇష్టం లేదు. ఆ రోజు నువ్వన్న మాట ఆయనకి గుర్తులేదులే, నాకుంది.

ఇంకొక్కటి, ఇది గీత గీసి రాస్తున్నాను. ముందు దారి మాత్రమే. వెనక జోలికి పోవద్దు. పెరటి తలుపు ముందున్న కంపలో ఒక్క కొమ్మ కూడా ముట్టుకోవద్దు. నీ రెండో మైలు ఇంకెవరింట్లోనైనా నడువు. ఎందుకని అడక్కు.

చెల్లి.


కొట్టావిడ బల్ల మీద,
గురువారం మధ్యాహ్నం.

చెల్లికి,

పని అయింది. బస్సుకి ఇంకా గంట ఉంది. ఈ కొట్టావిడ దయతో టీ, బల్ల, కలం దొరికాయి. ఇది ఇక్కడి డబ్బాలోనే వేస్తాను.

మొదటి రోజంతా కత్తి ఎత్తలేదు. గునపంతో నేలని పొడుచుకుంటూ నడిచాను. కంకర ఉన్న చోట ఠంగుమంటుంది, లేని చోట దబ్బున దిగబడుతుంది. ఆ చప్పుడు పట్టుకుని పాత దారికి రెండు అంచులూ మేకులు కొట్టాను. తొందరపడి పచ్చగా ఉన్నదల్లా నరికేవాడు దారి తియ్యడు, కొత్త గాయం చేస్తాడు. మీ దారి గేటు దాటాక కుడికి ఒరిగి, మళ్ళీ ఎడమకి తిరుగుతుంది. ఎవరు గీశారో గాని వాన నీరు నిలవకుండా గీశారు. నీ మొగుడే అయ్యుంటాడు. పని తెలిసినవాడని ఒప్పుకుంటాను. రాసి ఇచ్చాను చూడు, దాచుకో.

రెండో రోజు మిషనుతో గడ్డి, కత్తితో తీగలు, రంపంతో కొమ్మలు. మోళ్ళన్నీ నేలకి సమంగా కోశాను. ఏటవాలుగా నరికితే మోడు ఈటె అవుతుంది, టైరులో దిగుతుంది, కాలిలోనూ దిగుతుంది. నాలుగు మీటర్ల ఎత్తు దాకా కొమ్మ లేదు. అంబులెన్స్ కాదు, లారీ వస్తుంది. మీ ఆఫీసరమ్మని జుట్టు విరబోసుకుని రమ్మను.

ఇక మూడో రోజు సంగతి. కోప్పడకుండా విను.

పొద్దున తాళం కోసం వస్తే కొట్టావిడ అడ్డం నిలబడింది.

"మీరేనా ఆ ప్రసంగాల అన్నగారు?"

"నేనే. వింటావా?"

"వద్దు బాబూ, బేరాల వేళ. ముందు పని అయిపోయిందిగా, ఇంకా తాళం దేనికి?"

"వెనక కూడా చూద్దామని."

"వెనక ముట్టుకోవద్దని అమ్మగారు నాకూ చెప్పి వెళ్ళారే!"

"మా చెల్లి చిన్నప్పటి నుంచీ అంతే. ఆకలేస్తున్నా వద్దంటుంది. దాని వద్దుకి అర్థం నాకు తెలుసు."

ఆవిడ నా మొహం చూసి తాళం చేతిలో పెట్టింది.

నిజం చెప్పు, నాకు మొహమాటపడ్డావు కదూ? తొమ్మిదేళ్ళు మాట లేకుండా ఉండి, ఒక పని అడిగి, రెండో పని కూడా చేయించుకోవడానికి చిన్నతనమనిపించింది. నాకు తెలియదా? ఆ పెరటి తలుపు తీసి చూస్తే గుండె తరుక్కుపోయింది. గడప నుంచే కంప, గోడలా! మోకాళ్ళు పోయిన మనిషి, ఇంట్లో కూర్చుని కూర్చుని ఉంటాడు, వెనక వాగు పారుతున్న చప్పుడు వింటూ ఉంటాడు, వెళ్ళి చూసుకోలేడు. నేను ఆయన్ని ప్రేమించను. కానీ శత్రువు దాహంతో ఉంటే నీళ్ళివ్వాలని నా మెడ మీద కత్తి పెట్టి ఉంది.

అందుకని తెరిచాను. గడప నుంచి వాగు దాకా, నూట పది అడుగులు. చేతుల నిండా గీతలే. ఇలాంటి ముల్లు నేను పదహారేళ్ళలో చూడలేదు, ఎవరో నీళ్ళు పోసి పెంచినట్టుంది. వాలుగా ఉన్న చోట మోకాళ్ళకి బాధ లేకుండా పొట్టి పొట్టి మెట్లు కొట్టాను, పద్దెనిమిది. మెట్టు మెట్టుకీ పలకరాయి పరిచాను. చివర ఇనప గేటుకి తీగ చుట్టి చుట్టి కట్టి ఉంటే కత్తిరించి పారేశాను. సాయంత్రాలు మెల్లగా దింపి కూర్చోబెట్టు. ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పకు. కుడి చెయ్యి చేసింది ఎడమ చేతికి తెలియకూడదు.

బస్సు వస్తోంది.

నీ అన్నయ్య.


పెద్దాసుపత్రి, మూడో అంతస్తు వరండా,
ఆదివారం.

అన్నయ్యకి,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే.

ఆయన మోకాళ్ళు ఉక్కులా ఉన్నాయి. నీకంటే వేగంగా నడుస్తాడు. పోయింది బుద్ధి. ఆరేళ్ళయింది. ముందు తాళాలు మర్చిపోయాడు, తర్వాత రోడ్లు, తర్వాత స్నేహితులు.

నీకెందుకు చెప్పలేదంటావు. ఎలా చెప్పను? ఎనభై మంది ముందు నువ్వు శపించినట్టే జరిగిందని నా చేత్తో నీకు రాయనా? ఆయన జబ్బు నీకు సాక్ష్యం అయిపోతుంది. ఊరూరా చెప్పుకుంటావు. అందుకని మోకాళ్ళు అన్నాను. నాకు తోచిన అబద్ధాల్లో అదే చిన్నది.

రోజూ తొమ్మిదింటికి ఆయన ఆఫీసుకి బయల్దేరతాడు. వాగు దాటి అడ్డదారిన వెళ్ళేవాడు కదా, ఆ అలవాటు. చొక్కా గుండీలు పెట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వెళ్తాడు. మొదట్లో తాళం వేశాను. గుద్ది గుద్ది చేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. వెనక కొయ్యడం మానేశాను. మొక్కలు తెచ్చి నాటాను కూడా. అవును, నీళ్ళు పోశాను. కంప గడప దాకా వచ్చింది. ఆ తర్వాత ఆయన తలుపు తీసేవాడు, చూసేవాడు, "దారి మూసుకుపోయింది, రేపు చూద్దాం" అనేవాడు. తలుపు మూసి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఇంక రోజంతా నెమ్మది. తాళం మీద తిరగబడ్డాడు గాని ముళ్ళ మీద తిరగబడలేదు. తాళం ఎవరో వేసేది. ముళ్ళు ఎవరూ వేసేవి కావు. ఆయన లెక్క అది. ఆ లెక్క మీద నాలుగేళ్ళు నడిచింది మా సంసారం.

వంటింటి కిటికీకి అడ్డంగా బీరువా ఉంది, ఆయన బయటికి చూడకుండా. కాబట్టి గురువారం సాయంత్రం ఇంటికి వచ్చినా నేనూ వెనక చూడలేదు. కారు గుమ్మం దాకా వచ్చి ఆగితే ఏడుపొచ్చింది. మా అన్నయ్య అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ముందు గుమ్మంలో నిలబడి నీ దారినే చూసుకుంటున్నాను. వెనక తలుపు తీసిన చప్పుడు విన్నాను. రోజూ వినేదే. మూసిన చప్పుడు రాలేదని నాకు ఎంతసేపటికి తట్టిందో తెలియదు.

నీ మెట్లు దిగాడు. పద్దెనిమిదిలో ఒక్కటీ జారలేదు. అంత బాగా కొట్టావు.

ఐదు గంటల తర్వాత కొట్టావిడా ఇంకో ఇద్దరూ కలిసి చూశారు. వాగులో నడుము లోతున నిలబడి ఉన్నాడు, పెదాలు నీలంగా. బయటికి రమ్మంటే రాలేదట. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. బతుకుతాడంటున్నారు. ఆఫీసరమ్మ వచ్చి, కాగితాల మీద ఏదో రాసుకుని వెళ్ళింది.

ముట్టుకోవద్దని గీత గీసి రాశాను అన్నయ్యా. తెలుగులోనే రాశాను.


రంపపు మిల్లు వెనక గది,
మంగళవారం.

చెల్లికి,

వారం రోజులుగా ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

తప్పు నాదే అనిపించుకోవడానికి సిద్ధమే, కానీ సగం. కాపలావాడి కళ్ళకి గంతలు కట్టి గోడ ఎక్కించి, పడ్డాక నువ్వెందుకు చూడలేదని అడుగుతావా? మోకాళ్ళు అన్నావు. మోకాళ్ళకి మెట్లు కొట్టాను. ఎముక అన్నావంటే కట్టు కట్టేవాణ్ణి. అబద్ధం విత్తినవాడు దాన్నే కోస్తాడని నేను కొత్తగా చెప్పాలా? ఒక్క మాట, "అన్నయ్యా, ఆయనకి బుద్ధి పోయింది" అన్న ఒక్క మాట రాయడానికి నీకు చెయ్యి రాలేదు. నన్నంత రాక్షసుణ్ణి అనుకున్నావు!

ఆయన కోసం మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. ఆదివారం సంఘంలో ప్రార్థన పెట్టాను. పేర్లు చెప్పలేదు. గర్వం సంగతి, దాచిపెట్టిన పాపం సంగతి, ముళ్ళ సంగతి గంటన్నర చెప్పాను. చెల్లీ, గోడలు కూడా ఏడ్చాయంటే నమ్ము. ఎప్పుడూ రానివాళ్ళు ముగ్గురు ముందుకొచ్చి మోకరించారు. కీడులోంచి మేలు వస్తుందంటే ఇదే.

ఇంటికి తీసుకొచ్చే ముందు చెప్పు, వచ్చి వెనక ఇటుక గోడ కడతాను. ఆరడుగులు. పిల్లి కూడా దాటలేదు.

నీ అన్నయ్య.


కొండవాలు ఇల్లు,
శనివారం.

గోడ అక్కర్లేదు. ఆయన ఇంటికి రావడం లేదు.

ఆఫీసరమ్మ సంతకం పెట్టలేదు. కాళ్ళా వేళ్ళా పడ్డాను. "అమ్మా, దారి బాగు చేయించమన్నది మేమే, ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని ఐదు గంటలు నీళ్ళలో వదిలింది మేం కాదు" అంది. నా అన్న చేశాడని చెప్పలేదు. చెబితే మాత్రం ఏం, ఇంకా నవ్వుతారు. ఆయన బట్టలు తీసుకెళ్ళడానికి సంరక్షణ గృహం బండి వచ్చింది. గేటు నుంచి గుమ్మం దాకా ఒక్క కొమ్మ తగలకుండా, రెండు నిమిషాల్లో వచ్చింది.

ఆయన మంచం అంకె పద్నాలుగు. అక్కడ తలుపులకి తాళాలే, ముళ్ళు లేవు. గుద్దుతున్నాడని సూది ఇస్తున్నారు. "నెమ్మదించాడమ్మా" అంటున్నారు సంతోషంగా. నెమ్మదించడమంటే గోడ వైపు తిరిగి పడుకోవడం.

నీ ఆదివారం సంగతి నువ్వు రాయకముందే నాకు చేరింది. కొట్టావిడ చెల్లెలు మీ సంఘానికే వస్తుంది. నువ్వు చెప్పిన కథలో గర్వించిన మొగుడున్నాడట. అబద్ధమాడిన పెళ్ళాం ఉందట. ముళ్ళు ఉన్నాయట, వాగు ఉందట. కత్తి పట్టినవాడు మాత్రం లేడట! దారి దానంతటదే తెరుచుకుందా అన్నయ్యా?

నిన్ను రాక్షసుడనుకోలేదు. నా మొగుడి జబ్బుతో ప్రసంగం చేస్తావనుకున్నాను. అందుకే దాచాను. చేశావా, లేదా? గంటన్నర.

ఇంక రాయకు.


రంపపు మిల్లు వెనక గది,
తేదీ వెయ్యడం లేదు, నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలైంది.

చెల్లికి,

రాయకు అన్నావు. ఒక్కసారి నీ మాట వినకుండా ఏం చేశానో తెలిసి కూడా మళ్ళీ వినడం లేదు. ఇది చదవక్కర్లేదు, తీసి పక్కన పెట్టు.

నీ ఆసుపత్రి ఉత్తరంలో "పోయింది బుద్ధి" అన్న ముక్క చదివినప్పుడు నాలో మొదట లేచింది ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఏడుపు కాదు, జాలి కాదు. నా మాట నెరవేరింది అన్న సంతోషం. ఒక్క క్షణం. ఊపిరి పీల్చి వదిలినంతసేపు. తర్వాత మిగతావన్నీ వచ్చాయి, కానీ ముందు వచ్చింది అదే. నువ్వు ఆరేళ్ళు నా గురించి భయపడింది ఆ ఒక్క క్షణానికే. నీ భయం సరైనదే.

పోయిన ఆదివారం లేచి నిలబడ్డాను. ఆ కథలో దారి కొట్టింది నేను, వద్దని గీత గీసి రాస్తే కొట్టింది నేను, శాపం పెట్టింది నేను అని చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ ఏడవలేదు. ముందు వరసలో పెద్దాయన బయటికి వచ్చాక, "ఇవన్నీ కూటంలో చెప్పుకోవాలా? ఇంటి గుట్టు" అన్నాడు. నీ గుట్టు గంటన్నర చెప్పినప్పుడు ఆయనే వలవలా ఏడ్చాడు.

రెండో మైలు మానేశాను. ఇప్పుడు అడిగినంతే కొట్టి వస్తున్నాను. చేతులు చచ్చుబడినట్టున్నాయి.

నేను ఏం చెయ్యాలో చెప్పు. చెప్పినదే చేస్తాను.


కొండవాలు ఇల్లు,
సోమవారం.

అన్నయ్యకి,

క్షమించానని రాయడం లేదు. రాస్తే నువ్వు దాన్ని చదివి వినిపిస్తావు.

ఏం చెయ్యాలని అడిగావు. సంరక్షణ గృహంలో చూడటానికి రానిచ్చేది ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా. అది నీ ప్రసంగం వేళ అని నాకు తెలుసు. ఆ వేళకే రా. నాకు రెండు నెలలుగా నడుం నొప్పి, రెండు బస్సులు మారి ప్రతి వారం వెళ్ళలేకపోతున్నాను. నేను వెళ్ళని వారాలు ఆయన దగ్గర ఎవరూ ఉండరు.

పుస్తకం తీసుకెళ్ళకు. ప్రార్థన చెయ్యకు, మనసులో చేసుకుంటే నీ ఇష్టం. ఆ బూడిదలో కూర్చున్న భక్తుణ్ణి పలకరించడానికి ముగ్గురు స్నేహితులు వచ్చారని నువ్వే చెప్పేవాడివి చిన్నప్పుడు. ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకూ మంచివాళ్ళే. నోరు తెరిచాకే చెడ్డారు. నువ్వు ఆ ఏడు రోజుల దగ్గర ఆగు.

ఎవరు నువ్వని అడుగుతాడు. దారులు కోసేవాణ్ణని చెప్పు, చాలు. వచ్చాక ఏం జరిగిందో నాకు రాయి.


సంరక్షణ గృహం, గేటు పక్క బల్ల,
ఆదివారం పన్నెండున్నర.

చెల్లికి,

వెళ్ళాను. సంఘానికి ఇంకొకణ్ణి చూసుకోమన్నాను. చూసుకున్నారు, ఒక్క పూటలోనే. నేను లేకపోతే గదికి తాళం పడుతుందనుకున్నాను.

పద్నాలుగో మంచం కిటికీకి దూరంగా ఉంది. గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. గంటసేపు ఆయన వీపు చూశాను. చొక్కా లోపలి వైపు బయటికి తొడిగారు. ఎంత సన్నబడ్డాడో నువ్వు రాయలేదు.

పదకొండు దాటాక ఇటు తిరిగాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవరు నువ్వు?"

"దారులు కోసేవాణ్ణండీ."

"ఇంత ఆలస్యంగానా రావడం? ఎండెక్కింది." లేచి కూర్చున్నాడు. దుప్పటి అంచున ఊడిన దారం ఉంది, దాన్ని లాగి చివర నా చేతికిచ్చాడు. "పట్టుకో. బిగువుగా. కదిలావంటే కొలత పోతుంది."

పట్టుకున్నాను. ఆయన రెండో చివర పట్టుకుని మంచం చుట్టూ తిరిగాడు, గోడ మీద గోటితో గీతలు పెట్టాడు. "ఒరే, దారం వదులవుతోంది. పని రానివాళ్ళని పంపుతారు నా ప్రాణానికి" అని నాలుగుసార్లు తిట్టాడు. ఆరుగురి గదిలో అందరూ నవ్వారు. నాకు చెప్పడానికి నోటి నిండా మాటలొచ్చాయి. మింగాను. నర్సమ్మ వచ్చి, ఇవాళ సూది అవసరం రాలేదంది. పన్నెండు కొట్టేదాకా దారం వదల్లేదు. వేలికి కోసుకుపోయింది, పర్వాలేదు.

అలవాటు లేని పని. వచ్చే ఆదివారం కూడా వస్తాను, ఆ తర్వాతది కూడా.

వెళ్ళే ముందు ఆయన, నిన్నెవరు పంపారని అడిగాడు. నీ పేరు చెప్పాను. విని ఒక మాట అన్నాడు.

అదేమిటని నువ్వు అడుగుతావు. తిరుగు టపాలోనే అడుగుతావు. ఇన్నేళ్ళూ నాకు తెలిసిందల్లా అరిచి చెప్పాను చెల్లీ. ఇది మీ ఇద్దరి మాట, రాయను.

నీ అన్నయ్య.